చుట్టు తిరిగి ముందు చేరడం

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానానికి దారి మార్చింది. అంతకు ముందు ఆ విమానం ఢిల్లీలో లేచి పడమరగా, యూరప్ మీదుగా అట్లాంటిక్ దాటి అమెరికా చేరేది. ఆ దారి పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. కొత్త దారి తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా సాగింది. దాని పొడవు సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు అదనం, హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఎగిరే దూరం కంటే కూడా ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారిలో వెళితే మరో రెండు గంటలు పట్టేది. విమానం అదే బోయింగ్ 777, ఇంజన్లు అవే, బయల్దేరే ఊరూ చేరే ఊరూ కూడా మారలేదు. రోడ్డు మీద బండి నడిపేవారికి ఇది మింగుడుపడని సంగతి. చుట్టుదారిన వెళ్లినవాడు ముందు చేరాలంటే ఆ దారి బాగుండాలి, దగ్గరి దారి గోతులతో నిండి ఉండాలి. ఆకాశంలో గోతులు ఎక్కడివి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే చివరికి ఒక మాటకు చేరతాం. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని మనం చెప్పుకునే అంకె భూమికి సంబంధించినది. విమానం దాటేది భూమిని కాదు, గాలిని. దాటవలసిన గాలి ఎంత అన్నదే ప్రయాణ కాలాన్ని నిర్ణయిస్తుంది. ఆ గాలి ఏ రోజుకు ఆ రోజు మారుతుంది, దిశను బట్టి మారుతుంది, కొన్నిసార్లు ప్రభుత్వాల మధ్య తగాదాలను బట్టి కూడా మారుతుంది.

ముందుగా భూమి లెక్కే చూద్దాం, ఎందుకంటే అందులోనే ఒక మోసం ఉంది. గోడకు తగిలించిన ప్రపంచ పటం మీద ఢిల్లీ నుంచి తూర్పుగా శాన్ ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా తిన్నగా పోతుంది. దిక్సూచి ముల్లు ఒకే కోణంలో ఉంచి నడిపే ఓడ ఈ గీత వెంటే వెళుతుంది. దాని పొడవు దాదాపు 14,960 కిలోమీటర్లు. ఇప్పుడు పటం వదిలి గ్లోబు తీసుకుని, అవే రెండు చోట్ల మధ్య ఒక దారం బిగించి పట్టుకోండి. దారం పసిఫిక్ నడిబొడ్డుకు పోదు. ఢిల్లీ నుంచి దాదాపు ఉత్తరానికే లేచి, లదాఖ్ దాటి, చైనా పశ్చిమపు కొసను తాకి, సైబీరియా అంతా ఎక్కి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోయి, ఆర్కిటిక్ సముద్రపు అంచున వంగి, అలాస్కా మీదుగా కాలిఫోర్నియాకు దిగుతుంది. దీని పొడవు 12,380 కిలోమీటర్లే. పటం మీద తిన్నగా కనిపించిన గీత కంటే 2,500 కిలోమీటర్లకు పైగా తక్కువ. ఈ దారం ఒక వృత్తంలో ముక్క. భూమి కేంద్రాన్ని తన కేంద్రంగా చేసుకున్న ఆ వృత్తాన్ని గణితంలో మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం, రేఖాంశాలన్నీ మహావృత్తాలే. భూమధ్యరేఖ తప్ప మిగతా అక్షాంశాలు మాత్రం కావు. అందుకే ఒకే అక్షాంశం మీద ఉన్న రెండు ఊళ్ల మధ్య కూడా దగ్గరి దారి ఆ అక్షాంశం వెంట పోదు. ఉత్తరార్ధగోళంలో అది ఉత్తరానికి ఉబ్బుతుంది.

ఈ లెక్క వేయడానికి రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, హైస్కూలు త్రికోణమితి చాలు. హైదరాబాదు విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 13,540, షికాగోకు సుమారు 13,280, బెంగుళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 13,990 కిలోమీటర్లు వస్తాయి. భూమి నిండు గోళం కాదని, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయిందని పట్టించుకున్నా ఈ అంకెల్లో తేడా నూటికి అర వంతుకు మించదు. కనుక దూరం సంగతి తేలిపోయినట్టే కనిపిస్తుంది. పెద్ద జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది, 12,380ని 900తో భాగిస్తే పదమూడు గంటల ముప్పావు, ఇదే ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో ప్రయాణ కాలం అనేయవచ్చు. చాలామంది అనేస్తారు కూడా. కానీ పైన చెప్పిన రెండు దారుల్లో ఏ ఒక్కటీ ఈ లెక్కకు లొంగలేదు. 900తో భాగిస్తే అట్లాంటిక్ దారికి పదిహేనున్నర గంటలు రావాలి, పదహారున్నర పట్టేది. పసిఫిక్ దారికి పదిహేడు గంటలు రావాలి, పద్నాలుగున్నరకే అయిపోయింది. ఒకచోట గంట ఎక్కువ, మరోచోట రెండున్నర గంటలు తక్కువ. విమానానికి తెలిసిన దూరం వేరు, మనం లెక్కించిన దూరం వేరు అని అర్థం.

గోదావరి మీద లాంచీ ఎక్కినవారికి ఇందులో కొత్తేమీ లేదు. నిలకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోయే లాంచీని, గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పారే నదిలో 48 కిలోమీటర్లు ఎదురెక్కిస్తే గట్టు మీద చెట్లను దాటే వేగం 8కి పడిపోతుంది, ఆరు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో ప్రవాహ వాలుకు 16 వేగంతో మూడు గంటల్లో వచ్చేస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి రెండుసార్లూ దూరం 48 కిలోమీటర్లే. లాంచీ ఇంజనుకు అలా కాదు. ఎగువకు పోయేటప్పుడు అది ఆరు గంటలు, గంటకు 12 చొప్పున, 72 కిలోమీటర్ల నీటిని కోసుకుంటూ పోయింది. దిగువకు వచ్చేటప్పుడు 36 కిలోమీటర్ల నీటినే కోసింది. డీజిలు కాలేది ఈ నీటి లెక్కన, గట్టు లెక్కన కాదు. విమానం విషయమూ అక్షరాలా ఇదే. రెక్కకు తెలిసేది తన చుట్టూ ఉన్న గాలి ఒక్కటే. ఆ గాలి మొత్తం నేల మీద ఎటు జరుగుతున్నదీ రెక్కకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 777 గాలిలో సగటున గంటకు 890 కిలోమీటర్లు పోయిందనుకుందాం, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగా పోవడాన్ని కూడా కలుపుకుని. పసిఫిక్ దారిలో పద్నాలుగున్నర గంటలకు అది దాటిన గాలి సుమారు 12,900 కిలోమీటర్లు. అట్లాంటిక్ దారిలో పదహారున్నర గంటలకు దాటిన గాలి సుమారు 14,700 కిలోమీటర్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా చెప్పాల్సింది చెబుతుంది. నేల మీద 1,400 కిలోమీటర్లు పొడవైన దారి, గాలిలో 1,800 కిలోమీటర్లు పొట్టిది. ఎయిర్ ఇండియా చుట్టుదారి పట్టలేదు. గాలి లెక్కన దగ్గరి దారికి మారింది, అంతే. అట్లాంటిక్ దారిలో సగటున గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి, పసిఫిక్ దారిలో 160 కిలోమీటర్లకు పైగా వాలుగాలి. ఆకాశంలో గోతులు లేకపోవచ్చు, నదులు ఉన్నాయి.

ఆ నదులను మనిషి ఆలస్యంగా కనుక్కున్నాడు. ఎత్తున వీచే ఆ గాలుల వేగాన్ని క్రమపద్ధతిలో కొలిచిన తొలివారిలో ఒకడు వాసాబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు. 1920లలో టటెనో పరిశోధనా కేంద్రం నుంచి బెలూన్లు వదిలి, వాటిని దుర్బిణీతో వెంబడిస్తూ, జపాన్ మీద చాలా ఎత్తున పడమటి గాలి భీకర వేగంతో వీస్తోందని తేల్చాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన నివేదికను 1926లో ఎస్పరాంటో భాషలో ప్రచురించాడు. అందరి భాష కావాలని పుట్టిన ఆ భాషలో రాయడం వల్లనే దాన్ని దాదాపు ఎవరూ చదవలేదు. 1944లో అమెరికా బీ-29 బాంబర్లు జపాన్ మీదికి తొమ్మిది వేల మీటర్ల ఎత్తున వచ్చినప్పుడు పైలట్లు ఆ గాలిని తమ ఒంటి మీదే తెలుసుకున్నారు. పడమర నుంచి వస్తే బాంబులు గురి తప్పేంత వేగం, తూర్పు నుంచి వస్తే విమానం నిలబడిపోయిందా అనిపించేంత నెమ్మది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటున్నాం. ప్రయాణికుల విమానానికి దాన్ని వాడుకున్నది పాన్ అమెరికన్ సంస్థ. 1952 నవంబరులో టోక్యో నుంచి హొనొలూలుకు ఏడున్నర వేల మీటర్ల ఎత్తున ఆ గాలిలో విమానం నడిపితే పద్దెనిమిది గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు దిగింది. ఇంజన్లలో ఏ మార్పూ లేదు. దారి ఎంపిక ఒక్కటే ఆరున్నర గంటలు మిగిల్చింది. జెట్ విమానాలు వచ్చాక ఇంజనీర్లు ఎన్నో దశాబ్దాలు చెమటోడ్చినా మామూలు ప్రయాణికుల విమానాల వేగాన్ని ఇంతగా పెంచలేకపోయారు. 1958లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 707కీ నేటి విమానాలకీ ప్రయాణ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగి ఇంధనాన్ని మింగేస్తుంది కాబట్టి ఆ గీత దగ్గరే దాదాపు అందరూ ఆగిపోయారు.

ఇక్కడ ఒక పాత సందేహం అడ్డు వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, అమెరికాకు పోవాలంటే విమానం గాల్లోకి లేచి ఊరికే ఆగితే భూమే తిరిగి వచ్చి కాళ్ల కిందికి చేరదా, తూర్పు పడమరల తేడా అంతా ఇదే కదా అంటారు. కాదు. హైదరాబాదు ఉన్న అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. గాలి నేలతో పాటు తిరగకపోతే చార్మినార్ దగ్గర నిత్యం గంటకు 1,600 కిలోమీటర్ల తూర్పుగాలి వీచాలి. గాలిపటాల సంగతి దేవుడెరుగు, చార్మినారే నిలవదు. గాలీ, అందులో ఉన్న విమానమూ, రన్‌వే మీద లేవకముందు నుంచే భూమితో కలిసి తిరుగుతున్నాయి. ఐతే ఈ సందేహం అడిగినవారిని పూర్తిగా కొట్టిపారేయకూడదు. జెట్ స్ట్రీమ్ పుట్టుకలో భూభ్రమణం చేయి ఉంది, పక్కదారిన. ఉష్ణమండలంలో గాలి వేడెక్కి పైకి ఉబ్బుతుంది, ధ్రువాల దగ్గర చల్లబడి కుంగుతుంది. దాంతో పది కిలోమీటర్ల ఎత్తున పీడనం దక్షిణం నుంచి ఉత్తరానికి వాలుగా ఉంటుంది. ఆ వాలు వెంట ఉత్తరానికి జారే గాలిని తిరిగే భూమి కుడిచేతి వైపుకు, అంటే తూర్పుకు మళ్లిస్తుంది. చివరికి గాలి వాలుకు అడ్డంగా, పడమర నుంచి తూర్పుకు, వేల కిలోమీటర్లు పారే ప్రవాహమవుతుంది. చలికాలంలో ధ్రువానికీ ఉష్ణమండలానికీ వేడిలో తేడా పెరుగుతుంది కాబట్టి ప్రవాహమూ పెరుగుతుంది. జపాన్‌కు తూర్పున ఆ రోజుల్లో గంటకు 300 కిలోమీటర్లు దాటడం అరుదు కాదు. విమానాలు ఎగిరే ఎత్తూ సరిగ్గా ఇదే, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్లు. మన దక్షిణ భారతం మీద మాత్రం వానాకాలంలో ఈ కథ తలకిందులవుతుంది. టిబెట్ పీఠభూమి వేడెక్కి, వేడిమి వాలు తిరగబడి, చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ స్ట్రీమ్ పుడుతుంది. దాన్ని గుర్తించి 1950లలో శాస్త్రలోకం ముందు పెట్టినవాడు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయినవాడు. కాబట్టి గాలి నది ఎప్పుడూ తూర్పుకే పారుతుందన్న సూత్రం కూడా చోటును బట్టి, ఋతువును బట్టి చెప్పాల్సిందే.

ఇంకా బలమైన ఆక్షేపణ వేరే ఉంది. పోయేటప్పుడు ఎదురుగాలి అయితే వచ్చేటప్పుడు వాలుగాలి అవుతుంది, రానూపోనూ కలిపితే లాభనష్టాలు చెల్లుకు చెల్లు, సగటు దూరం లెక్క సరిపోతుంది కదా అని. వినడానికి న్యాయంగానే ఉంది కానీ లాంచీ ఉదాహరణే దీన్ని కాదంటోంది. పోవడానికి ఆరు, రావడానికి మూడు, మొత్తం తొమ్మిది గంటలు. నది నిలకడగా ఉంటే ఎనిమిదే. మొత్తం మీద గంట నష్టం. ఆరు వేల కిలోమీటర్ల దూరాన్ని 900 వేగంతో దాటే విమానానికి 100 కిలోమీటర్ల గాలి ఉంటే వాలులో ఆరు గంటలు, ఎదురులో ఏడున్నర, కలిపి పదమూడున్నర. గాలే లేకపోతే పదమూడు గంటల ఇరవై నిమిషాలు. తేడా పది నిమిషాలే కదా అనుకునేలోపు గాలిని 300కి పెంచి చూడండి. వాలులో అయిదు గంటలు, ఎదురులో పది, మొత్తం పదిహేను. కారణం సులభం. ఎదురుగాలి మనల్ని నెమ్మదింపజేయడమే కాదు, నెమ్మదించడం వల్లనే తన చేతిలో ఎక్కువసేపు ఉంచుకుంటుంది. వాలుగాలి మేలు చేస్తుంది కానీ త్వరగా చేరవేసి తన మేలును తానే తగ్గించుకుంటుంది. గాలి ఎటు వీచినా, అదే దారిన పోయి అదే దారిన వచ్చేవాడికి నష్టమే. కనుకనే తెలివైన సంస్థ అదే దారిన పోయి రాదు. శాన్ ఫ్రాన్సిస్కో, ఢిల్లీ భూగోళం మీద దాదాపు ఎదురెదురు రేఖాంశాల్లో ఉన్నాయి. తూర్పుగా పోయినా పడమరగా పోయినా నేల మీద తేడా పెద్దగా ఉండదు. ఇలాంటి జంట ఊళ్ల మధ్య వెళ్లేటప్పుడు పసిఫిక్, వచ్చేటప్పుడు అట్లాంటిక్, రెండుసార్లూ తూర్పుకే, రెండుసార్లూ గాలి వీపు మీదే. చెల్లుకు చెల్లు అన్న మాట నదిలో నిజం కాలేదు కానీ, గుండ్రటి భూమి మీద రెండు వైపులా లాభం తీసుకునే వెసులుబాటు ఉంది. దీనికి తోడు గడియారాల ఇంద్రజాలం ఒకటి. చలికాలంలో ఢిల్లీకీ శాన్ ఫ్రాన్సిస్కోకీ తేడా పదమూడున్నర గంటలు. పద్నాలుగున్నర గంటల ప్రయాణం చేసి దిగినవాడికి అక్కడి గడియారంలో తాను బయల్దేరిన గంట తర్వాతి సమయమే, అదే తేదీలో, కనిపిస్తుంది. టైంటేబుల్ చూసి ప్రయాణ కాలం ఊహించేవారు ఒక్కోసారి తికమకపడేది ఇందుకే.

గాలిలో దూరమే అసలు దూరం అనడానికి అన్నింటికన్నా కొట్టొచ్చిన సాక్ష్యం 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద దొరికింది. సియారా అనే తుపాను రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 ఒకటి న్యూయార్కు నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. మామూలుగా ఆరు గంటలకు పైగా పడుతుంది. ఆ రోజు నేల మీద దాని గరిష్ఠ వేగం గంటకు 1,327 కిలోమీటర్ల దాకా పోయింది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ధ్వని వేగం గంటకు సుమారు 1,060. మరి ఆ విమానం ధ్వనిని దాటిందా, పెళపెళమని ఉరుము వినిపించిందా అంటే లేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది రోజూ పోయే వేగంతోనే పోయింది. లోపల కూర్చున్నవారి కాఫీ కప్పులకు గానీ, రెక్కలకు గానీ, ఇంజన్లకు గానీ రికార్డు బద్దలవుతున్న సంగతి తెలియదు. రికార్డు అంతా నేల మీదివారి లెక్కలోనే ఉంది. ఉత్తర అట్లాంటిక్ మీద విమానాల దారులను ఏ రోజుకు ఆ రోజు గాలిని చూసి గీస్తారు. నిన్నటి దారి ఇవాళ ఉండదు. తూర్పుకు పోయేవాటిని ప్రవాహం నడుమకు, పడమరకు పోయేవాటిని ప్రవాహానికి దూరంగా పంపుతారు. కదిలే గాలిలో తక్కువ కాలంలో చేరే దారి ఎలా కనుక్కోవాలన్న ప్రశ్నను 1931లోనే జర్మన్ గణితవేత్త ఎర్న్‌స్ట్ జెర్మెలో పరిష్కరించాడు. గాలి అంతటా ఒకేలా ఉంటే తిన్నని దారే మేలు, చోటు చోటుకూ మారుతుంటే వంకర దారి మేలు అన్నది ఆయన ఫలితం సారాంశం. సమితి సిద్ధాంతంలో గొప్ప పేరున్న మనిషి గాలిలో దారి తప్పకుండా వెళ్లడం గురించి ఆలోచించడం ఒక వింత.

ఇదంతా నిజమే కానీ గాలి ఒక్కటే కాదు కదా కారణం, గాలి అనుకూలించినా పోలేని దారులు ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి, ఈ ఆక్షేపణకు బలం ఉంది. ఢిల్లీ నుంచి గ్లోబు మీద దారం చూపిన దారిలో మొదటి అడ్డంకి కొండలు. ఎగిరే ఎత్తుకు ఆ కొండలు అడ్డం కావు, క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయినప్పుడు అడ్డం. అప్పుడు పైలట్ విమానాన్ని వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి, ఎందుకంటే ప్రయాణికుల తల మీద వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట, ఇరవై నిమిషాలకే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లకు పైన. దిగడానికి చోటే లేదు. రెండో అడ్డంకి మనుషులు. 2019 ఫిబ్రవరి చివర బాలాకోట్ మీద భారత వైమానిక దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేసింది. జులై మధ్య దాకా పూర్తిగా తెరవలేదు. ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలన్నీ దక్షిణంగా అరేబియా సముద్రం చుట్టి పోవలసి వచ్చింది. ఎయిర్ ఇండియాకు ఇందువల్ల 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రవాద దాడి తర్వాత మళ్లీ భారత విమానాలకు ఆ గగనతలం మూతపడింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా దారి లేక ఫిన్లాండ్ వారి విమానాలు హెల్సింకి నుంచి టోక్యోకు ఉత్తర ధ్రువం మీదుగా పోయాయి. తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలైంది. భూమి మీద ఆ రెండు ఊళ్లూ అంగుళం జరగలేదు.

కానీ ఈ ఉదాహరణలు నా వాదనను బలహీనపరచడం లేదు, ఇంకాస్త విప్పి చూపుతున్నాయి. మూసిన గగనతలం చేసే పని, దాటవలసిన గాలిని పెంచడమే. దాని ధర చెల్లించేది కూడా గాలి లెక్కనే. 777 లాంటి విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం కాలుస్తుంది. కాలేది గంటల లెక్కన, కిలోమీటర్ల లెక్కన కాదు. పైగా చివరి గంటకు కావలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకుపోవాలి, ఆ మోతకు మరికొంత ఇంధనం కావాలి. పద్నాలుగు పదిహేను గంటల ప్రయాణాల్లో ఈ వడ్డీ మీద వడ్డీ బాగా తెలుస్తుంది. ఒక్కోసారి కొన్ని సీట్లు ఖాళీగా వదిలి బయల్దేరాల్సి వచ్చేది ఇందుకే. గాలి ఎదురైనా, దేశం తలుపు మూసినా, విమానం ఖాతాలో రెండూ ఒకే పద్దు కింద పడతాయి.

మరి మహావృత్తం అంకె ఎందుకూ పనికిరాదా? పనికివస్తుంది, దాని చోట. అది ఎవరూ మార్చలేని అంకె, అందుకే చట్టానికి ఇష్టం. ఆలస్యమైన విమానాలకు పరిహారం నిర్ణయించే 2004 నాటి ఐరోపా నిబంధన 1,500, 3,500 కిలోమీటర్ల మెట్లను మహావృత్తం లెక్కనే కొలవమంటుంది. నిజంగా ఎగిరిన దూరం తీసుకుంటే ఒకే టికెట్టుకు సోమవారం ఒక పరిహారం, మంగళవారం మరో పరిహారం అవుతుంది. గొడవలకు అంతు ఉండదు. నేల మీద ఎంత తెలివిగా దారి గీసినా అంతకంటే తక్కువ పొడవు సాధ్యం కాదని చెప్పే హద్దుగా కూడా అది విలువైనదే. అయితే హద్దు కూడా నేలకే. ఆ తుపాను రోజున న్యూయార్కు–లండన్ విమానం దాటిన గాలి, మహావృత్తం పొడవు కంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా తక్కువ.

2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎయిర్ ఇండియా మొదటి విమానం ఎగిరినప్పుడు కాక్‌పిట్‌లో అందరూ మహిళలే అన్నది పత్రికల్లో పెద్ద వార్త అయింది, కావలసిందే. దారి గురించి మాత్రం ఉత్తర ధ్రువం మీదుగా అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఈ రెండు ఊళ్ల మధ్య మహావృత్తం నిజానికి 71 డిగ్రీల అక్షాంశం దాకానే పోతుంది, ధ్రువం దాకా పోదు. దగ్గరి దారి వదిలి అంతకంటే పైకి ఎక్కడంలో నష్టం కనిపిస్తుంది, గ్లోబు మీద చూస్తే. గాలి పటం మీద చూస్తే, మధ్య అక్షాంశాల్లో పారే నది ధ్రువం చుట్టుపక్కల పలచబడుతుంది. లాంచీ నడిపేవాడు ఎదురెక్కవలసి వచ్చినప్పుడు నది నడుమ వదిలి, వడి తక్కువగా ఉండే ఒడ్డు పట్టుకుని పోతాడు. ధ్రువం ఆ ఒడ్డు. దాదాపు పదిహేడు గంటలకు ఆ విమానం బెంగుళూరులో దిగింది. ఇలాంటి ప్రతి ప్రయాణానికీ ముందు కెప్టెన్ చేతికి కొన్ని పుటల కాగితం వస్తుంది. దారి వెంట ఎక్కడెక్కడ ఎంత గాలి, ఏ ఎత్తున, ఎటు నుంచి అన్నది అందులో ఉంటుంది. నేల మీద దూరం ఒకటి, గాలిలో దూరం ఒకటి, రెండంకెలూ పక్కపక్కనే అచ్చవుతాయి. ప్రయాణికుడి సీటు ముందున్న తెర మీద మొదటిది కనిపిస్తుంది. రెక్కల్లోకి ఇంధనం నింపేది రెండోది చూసి.